మధ్యలో ఫోన్ పెట్టేసినందుకు

అక్కా,

నిన్న కూడా "పని తగిలింది, మళ్లీ చేస్తా" అని మధ్యలోనే పెట్టేశాను. పనేం లేదు, బాత్రూమ్‌కి పరిగెత్తాను. దేశం దాటాక వాడికి మనతో మాట్లాడే ఓపిక లేదని బావ అన్నాడట. ఆయన అనుకోవడంలో తప్పులేదు. నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ఆపరేషన్ బాగా జరిగిందని మీకు చెప్పింది అబద్ధం కాదు. మలాశయంలోని గడ్డ పూర్తిగా తీశారు, ఇప్పటిదాకా స్కానుల్లో ఏమీ కనపడలేదు. మలం పోవడానికి పొట్ట మీద కొన్నాళ్ల కోసం పెట్టిన సంచి కూడా తీసేశారు. "ఇది తీశాక ఇక మామూలే" అన్నారు సర్జన్. మామూలంటే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మలాశయం ఉత్త గొట్టం కాదక్కా. వచ్చింది గాలో మలమో పసిగట్టేది, వేళ కాకపోతే ఆపి ఉంచేది అదే. నాకు దాన్ని చాలావరకు తీసేసి, పైనున్న పేగును కిందికి లాగి కుట్టారు. ఆ పేగుకి ఆపడం చేతకాదు. మొదట్లో రోజుకి 15 సార్లు. వెళ్లొచ్చి కూర్చుంటే మళ్లీ, చేతులు కడుక్కుంటుంటే మళ్లీ. రాత్రిళ్లు నిద్రలో తెలియకుండానే అయిపోయి, దుప్పటి ఉతుక్కున్న రోజులున్నాయి. ఎక్కడికెళ్లినా ముందు బాత్రూమ్ ఎటుందో చూసుకుంటాను. సినిమా హాల్లో చివరి సీటే నాది.

ఆరు నెలలు నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ఒక నర్సు విని, "ఇది చాలామందికి వచ్చేదే, మలాశయం తీశాక వచ్చే ఈ ఇబ్బందులకి పేరు కూడా ఉంది, లార్స్" అంది. ఆపరేషన్‌కి ఏడవనివాణ్ణి, ఆ పేరు విని ఏడ్చాను. ఇది ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి 2012లో డెన్మార్క్ డాక్టర్లు తయారుచేసిన ఐదు ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చింది. 42కి లెక్క. 30 నుంచి పైన ఉంటే తీవ్రం. నాకు 37 వచ్చింది. జీవితంలో మార్కులు ఎక్కువొచ్చి బాధపడింది అప్పుడే.

విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్రలు, కింది కండరాలు బిగించే వ్యాయామం, పొద్దున్నే నీళ్లతో పేగు కడుక్కోవడం. ఇప్పుడు 28. మొదటి ఏడాది రెండేళ్లలోనే ఎక్కువగా కుదుటపడుతుందట, నాకు 14 నెలలైంది. పూర్వంలా అయితే కాదు. ఇంతకన్నా సంచే నయమని మళ్లీ పెట్టించుకునేవాళ్లూ ఉన్నారట. నేనింకా అంతదూరం ఆలోచించలేదు.

ముందే చెబితే ఆపరేషన్ వద్దనేవాణ్ణా? అనేవాణ్ణి కాదు, ప్రాణం కదా. కానీ ఇల్లు, ఉద్యోగం, మనసు సర్దుకునేవాణ్ణి. మొన్న సర్జన్ని అడిగేశాను. "మీరు భయపడి వెనక్కి తగ్గుతారేమోనని" అన్నారు. నా మంచికే దాచారట! కోపంగా ఇంటికొస్తుంటే దారిలో నువ్వు ఫోన్ చేశావు. ఎలా ఉన్నావురా అన్నావు. "బ్రహ్మాండంగా ఉన్నా" అన్నాను.

అమ్మకి ఇది చదివి వినిపించు. ఏమీ తీసేయకు. చివర్లో "తగ్గిపోతుందిలే అమ్మా" అని నీ మాటగా మాత్రం కలపకు.

ఆదివారం ఫోన్ చేస్తాను. మధ్యలో పోతే లైన్లోనే ఉండండి, వచ్చేస్తా.

నీ తమ్ముడు