నాలుక పటాన్ని పాఠాల్లోంచి తీసెయ్యండి

సంపాదకుల వారికి,

అయ్యా,

మా మనవరాలు ఏడో తరగతి చదువుతోంది. మొన్నటి సైన్సు పరీక్షలో దానికి ఒక మార్కు పోయింది. ఒక్క మార్కు కోసం పత్రికకి లేఖ రాయాలా అంటారేమో, రాయాల్సిన విషయమే. ప్రశ్న ఇదీ: ‘నాలుకలో చేదు రుచిని గుర్తించే భాగం ఏది?’ కొన, అంచులు, వెనక భాగం అని ఆప్షన్లు ఇచ్చారు. అమ్మాయి ఏ ఆప్షనూ పెట్టకుండా ‘నాలుకంతా తెలుస్తుంది’ అని పక్కన రాసింది. ఎర్ర ఇంకుతో కొట్టేశారు. దిద్దినవారి మీద నాకు కోపం లేదు. గైడులో ఉన్న జవాబు అదే, తరగతి గోడకి వేలాడే చార్టులో ఉన్నదీ అదే. కొనలో తీపి, దాని పక్కన ఉప్పు, అంచుల్లో పులుపు, వెనకాల చేదు అని నాలుగు రంగుల్లో వేసిన నాలుక బొమ్మ.

నేను కోనసీమ పల్లెల్లో ఇరవై తొమ్మిదేళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ బొమ్మ నేనూ ఏటా బోర్డు మీద రంగు సుద్దలతో గీశాను, పిల్లల చేత గీయించాను, బాగా గీసినవాళ్ళకి మార్కులు వేశాను. ఒక్కసారైనా ఒక ఉప్పురాయి నాలుక వెనక పెట్టుకుని చూద్దామని నాకు తోచలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతూనే ఉంది.

తోచింది మా మనవరాలికి. ఉగాది పొద్దున్న మా ఆవిడ పచ్చడిలోకి వేపపువ్వు దులుపుతుంటే, ఇది ఒక పువ్వు తీసి నాలుక కొసన పెట్టుకుంది. వెంటనే మొహం చిట్లించి, “తాతయ్యా, చేదు వెనకాల కదా తెలియాలి, ఇక్కడే తెలుస్తోందేంటి?” అంది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. నాలుగు గ్లాసుల్లో పంచదార నీళ్ళు, ఉప్పు నీళ్ళు, చింతపండు రసం, కాకరకాయ రసం పెట్టుకున్నాం. కొత్త ప్యాకెట్లోంచి దూది పుల్లలు తీశాం. నాలుక తుడుచుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో రసం కొనలో, కుడి అంచున, ఎడమ అంచున, వెనకాల అద్దించుకుంది. మధ్యమధ్యలో నోరు పుక్కిలించింది. నోటుబుక్కులో పదహారు గడులు గీసుకుంటే పదహారింట్లోనూ టిక్కులే పడ్డాయి. నాలుక నడిమధ్యన మాత్రం ఏ రసం పెట్టినా సరిగా తెలియలేదంది. అది కూడా నిజమే, అక్కడ రుచిని పట్టే కణాల గుత్తులు, అంటే రుచి మొగ్గలు, చాలా తక్కువ.

ఆ తరవాత నేను చదివి తెలుసుకున్నది చెబుతాను. 1901లో డేవిడ్ హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక అంచుల వెంబడి రసాలు వేస్తూ, ఎక్కడ ఎంత పలచటి రసం తెలుస్తుందో కొలిచాడు. చోటుని బట్టి తేడా ఉంది కానీ చాలా కొద్ది. 1942లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఎడ్విన్ బోరింగ్ తన పుస్తకంలో ఆ కొలతలని గ్రాఫుగా వేశాడు. అందులో తేడా ఎంతన్నది సరిగా తెలియలేదు. చూసినవాళ్ళు ‘ఇక్కడ కాస్త తక్కువ’ అన్నదాన్ని ‘ఇక్కడ బొత్తిగా లేదు’ అని చదువుకున్నారు. అలా నాలుక మీద సరిహద్దులు పుట్టాయి. 1974లో వర్జీనియా కాలింగ్స్ అనే పరిశోధకురాలు మళ్ళీ కొలిచి, తేడాలున్నా అవి లెక్కలోకి రానంత చిన్నవని తేల్చింది. అంటే పటం తప్పని తేలి యాభై ఏళ్ళు దాటింది. మన చార్టుల దాకా ఆ కబురు ఇంకా చేరలేదు.

నాలుక మీద కంటికి కనిపించే బొడిపెలు రుచి మొగ్గలు కావు. మొగ్గలు వాటిలో దాగి ఉంటాయి. ఒక్కో మొగ్గలో యాభై నుంచి వంద దాకా కణాలు. తీపిని పట్టేవి, చేదుని పట్టేవి, పులుపుని పట్టేవి అన్నీ ఒకే మొగ్గలో పక్కపక్కనే ఉంటాయి. మొగ్గలు నాలుక మీదే కాదు, అంగిట్లో వెనకవైపు మెత్తటి భాగంలోనూ, గొంతులోనూ ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకు నోట్లో కరిగి వెనక్కి జారుతున్నప్పుడు నోరంతా తీపి అయినట్టు అనిపించేది అందుకే.

పైగా ఆ పటంలో నాలుగే రుచులు. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా సముద్రపు నాచుతో కాచిన రసంలోంచి ఐదో రుచిని పట్టుకున్నాడు. దాన్ని ఉమామి అంటారు. పేరు మనకి కొత్త గానీ రుచి కొత్తది కాదు, ఎండురొయ్యల ఇగురులో ఉన్నది అదే. నాలుగు రంగుల బొమ్మలో దానికి చోటే లేదు. ఇక మన షడ్రుచుల్లో ఉన్న కారం, వగరు సంగతి. కారం రుచి మొగ్గల పని కాదు, వేడినీ నొప్పినీ తెలిపే నరాల పని. ఆ నరాల్లో మిరపకాయ ఘాటుని పట్టే గ్రాహకాన్ని, అంటే దాన్ని పసిగట్టే ప్రొటీన్‌ని, కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పచ్చి అరటికాయ కొరికితే నోరు పట్టేసే వగరు చాలావరకు స్పర్శ. ఉగాది పచ్చడి గిన్నె ఒక్కటి ముందు పెట్టుకుంటే పిల్లలకి ఎంత పాఠం చెప్పొచ్చో చూడండి!

ముక్కు సంగతి ఈ పటం అసలు ఎత్తదు. పనసాకులతో కుట్టిన పొట్టిక్కబుట్టలో వండిన ఇడ్లీ పిండికి ఆ ఆకు ఇచ్చే కమ్మదనం నాలుకకి తెలిసేది కాదు, గొంతు వెనకనుంచి ముక్కుకి ఎక్కే వాసన అది. ముక్కు మూసుకుని కొత్తపల్లి కొబ్బరి మామిడిపండు తింటే తీపీ, కాస్త పులుపూ తప్ప మామిడి అన్నది తెలియదు. కరోనా వచ్చి వాసన పోయిన రోజుల్లో అన్నం మట్టిలా ఉందని ఎంతమంది వాపోయారో మనకి గుర్తే.

మా మనవరాలి మార్కు తిరిగి ఇవ్వమని నేను అడగడం లేదు. స్వయంగా చేసి చూసిన పిల్ల తప్పయి, చూడకుండా బట్టీపట్టినవాళ్ళు ఒప్పయ్యారు. అది రేపు ఇంకో పిల్లకి జరగకూడదు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ఈ ప్రశ్న మానెయ్యాలి. గైడ్లు అచ్చువేసేవారు వచ్చే ముద్రణలో ఆ బొమ్మ తీసెయ్యాలి. విద్యాశాఖ అధికారులు తరగతి గదుల్లో ఉన్న చార్టులు దింపించాలి. ఒక్క సర్క్యులర్ చాలు, ఖర్చేమీ లేదు.

మా చుట్టుపక్కల ఏ బడివారు పిలిచినా నేను సైకిలు మీద వస్తాను. పంచదార, ఉప్పు, చింతపండు, కాకరకాయలు, దూది పుల్లలు నేనే తెస్తాను. పిల్లలు నోటుబుక్కులో పదహారు గడులు గీసుకుని ఉంచితే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం మాస్టారు,
అమలాపురం దగ్గర