ఫోన్ మోగినా వినబడని వాళ్ల కోసం

సంపాదకుల వారికి నమస్కారం.

"అమ్మా, నాలుగుసార్లు చేశాను, ఎక్కడికెళ్లావ్?" అని మా అమ్మాయి రోజూ టెన్షన్ పడేది. నేనెక్కడికీ వెళ్లలేదు. ఫోన్ నా పక్కన టీపాయ్ మీదే ఉంది, సౌండ్ కూడా ఫుల్‌గానే ఉంది. చెవి పరీక్ష చేయించుకున్నాక గానీ విషయం తెలియలేదు. వయసు మీదపడే కొద్దీ ముందుగా సన్నటి, కీచు శబ్దాలు వినబడటం తగ్గుతుంది. నా ఫోన్‌తో వచ్చిన రింగ్‌టోన్ సరిగ్గా అలాంటిదే, చిన్న గంటలు గలగలలాడినట్టు ఉంటుంది.

కంప్యూటర్లో ఉన్న పాటల్లోంచి ఒక ముక్క పెట్టుకుందామనుకున్నాను. ముందు ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే అది నేనెక్కడున్నానో చెప్పమంది. పాట కోయడానికి అదెందుకు? తీసేశాను. ఆడాసిటీ అని 2000 నుంచీ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో పాట తెరిచి, కావలసినంత మేర మౌస్‌తో ఎంచుకుని, ఆ ముక్కనొక్కదాన్నే ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. కేబుల్‌తో ఫోన్ కలిపి, ఫోన్‌లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుని, 'రింగ్‌టోన్స్' ఫోల్డర్లో వేస్తే సెట్టింగ్స్‌లో కనబడుతుంది. ఇది ఆండ్రాయిడ్ సంగతి. ఐఫోన్‌కి పద్ధతి వేరు, గ్యారేజ్‌బ్యాండ్ యాప్‌తో చేసుకోవచ్చు.

పని పావుగంటే. ఏ ముక్క కోయాలన్న దగ్గరే నాకు మూడు రోజులు పట్టింది. మొదట పాట ఎత్తుగడ తీసుకున్నాను. కంప్యూటర్ స్పీకర్లలో ఆ డప్పు మోత గదంతా నిండింది, ఫోన్‌లో మాత్రం ఏమీ లేదు. అంత చిన్న స్పీకరు కింది స్థాయి శబ్దాలను పలికించలేదు. తర్వాత వేణువు బిట్ పెట్టాను. అది పై స్థాయిలో సాగింది, మళ్లీ నాకు అందలేదు. చివరికి పల్లవిలో గాయకుడు గొంతు విప్పి ఎత్తుకునే చోటు దొరికింది. పాతిక సెకన్లు. మెల్లగా మొదలయ్యేలా ఫేడ్ పెట్టలేదు, మొదటి అక్షరమే నిండుగా వినబడాలి. కాకపోతే మోగిన ప్రతిసారీ ముందు 'టప్' మని చప్పుడొచ్చేది. ఆడాసిటీ తెర మీద శబ్దాన్ని అలలా గీసి చూపిస్తుంది, దాన్ని బాగా పెద్దది చేసి చూస్తే, నేను అల మధ్యలో కోశాను. అల నడి గీతను, అంటే సున్నా గీతను, తాకే చోటికి కోత జరిపాను. చప్పుడు పోయింది.

ఇప్పుడు కుళాయి తిప్పి గిన్నెలు కడుగుతున్నా ఫోన్ వినబడుతోంది.

అయ్యా, మీ పత్రికలో కొత్త ఫోన్ల గురించి రాసేటప్పుడు కెమెరా, బ్యాటరీ చెబుతారు. రింగ్ ఎలా వినబడుతుందో కూడా రాయించండి. రింగ్‌టోన్ చేసుకునే పద్ధతిని బొమ్మలతో, పెద్ద అక్షరాల్లో ఒకసారి వేయండి. నాలాంటి వాళ్లు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు