వార్షిక నివేదిక 2024–25: లెక్క విప్పి చూపించిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

నెలనెలా రెండో ఆదివారం మన బృందం జరిపే సమావేశాలు పన్నెండు జరగాల్సింది, పది జరిగాయి. మే నెల ఎండకు ఒకటి, అక్టోబరు వానకు ఒకటి ఎగిరిపోయాయి. ఏడాది పొడుగునా ఒకే అంశం పట్టుకున్నాం: సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్ (ప్రోగ్రాము కోడ్‌ను అందరూ చూసి, మార్చుకునేలా ఉంచడం) అంటారు, పరిశోధనలోనూ ఓపెన్ (వ్యాసాలు, డేటా అందరికీ తెరిచి ఉంచడం) అంటారు, రెండూ ఒకటేనా? "కడపలో కూర్చుని మనకెందుకబ్బా ఇది" అని సణిగినవాళ్లే పది సమావేశాలకూ వచ్చారు.

చరిత్ర త్వరగానే ముగించాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్, అందరూ స్వేచ్ఛగా వాడి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ లాంటి లినక్స్‌ను బయటపెట్టారు. అదే ఏడాది పాల్ గిన్స్‌పార్గ్ భౌతికశాస్త్ర వ్యాసాలు అచ్చుకు ముందే అందరికీ అందేలా ఆర్కైవ్ మొదలుపెట్టారు. ఈ భాగం కాస్త క్లాసు పాఠంలా సాగింది, ఆ తప్పు నాదే.

సెప్టెంబరులో ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లాం. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ఇది వినగానే మన ఇంజినీరింగ్ కుర్రాడు "ఇది గిట్ పనే కదా సార్" అన్నాడు. ఎవరు ఏ వరుస మార్చారో గుర్తుపెట్టుకునే గిట్‌ను టోర్వాల్డ్స్ 2005లో రాశారు. పోలిక బాగుందని అందరం చప్పట్లు కొడుతుంటే రిటైర్డ్ తెలుగు మాస్టారు అడ్డుపడ్డారు. "దొర దగ్గర జీతం తీసుకునే పండితులే దిద్దినారు. దారిన పోయేవాడు వచ్చి, ఇక్కడ యతి తప్పింది అంటే రాసుకునేవారా?" ఆ ప్రశ్న దగ్గరే ఆ రోజు సమావేశం ఆగిపోయింది. నాకు తెలిసి ఏడాదంతటికీ మంచి మాట అదే.

దానికి జవాబు డిసెంబరులో మన తప్పులోంచే దొరికింది. మన సభ్యులొకరు మిద్దె మీద వానమాపకం పెట్టుకుని ఏళ్లుగా రాసుకున్న డైరీలను కంప్యూటర్‌లోకి ఎక్కించాం కదా. మొదట పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టాం. బాగుంది బాగుంది అన్నారు, అంతే. తర్వాతి నెల లిబ్రే ఆఫీస్ (ఎక్సెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) షీటునే, ఫార్ములాలతో సహా పంపాం. ఆ రాత్రే ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఫోన్ చేసింది: "సార్, మొత్తం వేసే ఫార్ములా అక్టోబరు వరుస దగ్గరే ఆగిపోయింది." నవంబరు, డిసెంబరు వరుసలు మేం తర్వాత కింద చేర్చాం, ఫార్ములాను లాగడం మరిచిపోయాం. ఈశాన్య రుతుపవనాల వాన సగం మన లెక్కలోంచి జారిపోయింది. పీడీఎఫ్‌లో అంకె కనిపిస్తుంది, అది ఎలా వచ్చిందో కనిపించదు.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. దేశాల అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో రాసిన వ్యాసాన్ని ప్రభుత్వాలే ఉదహరించాయి. థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి వాళ్లనే అడిగి ఎక్సెల్ షీటు తెప్పించుకుని చూస్తే, సగటులో ఐదు దేశాల వరుసలు చేరలేదు. ఇంకా కొన్ని ఎంపికలనూ తప్పుపట్టి, 2013లో తోటివాళ్లతో కలిసి మళ్లీ లెక్కగట్టాడు. అప్పు 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అన్నచోట 2.2 శాతం తేలింది. షీటు ఇవ్వకపోయుంటే ఆ వ్యాసం ఇంకా అలాగే చెలామణి అయ్యేదేమో.

జనవరి సమావేశంలో, పరిశోధన పత్రికలకు ప్రభుత్వమే చందా కట్టేలా కేంద్రం తెచ్చిన 'ఒకే దేశం, ఒకే చందా' పథకం మీద గట్టిగానే వాదించుకున్నాం. మూడేళ్లకు 6,000 కోట్లు, సుమారు 13,000 పత్రికలు. మంచిదే, మన విద్యార్థులు వాడుకుంటున్నారు కూడా. కానీ అది ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకు. మన మాస్టారికి, ప్రైవేటు కాలేజీ పిల్లలకు రాదు. చీటీ ఉన్నవాళ్లకే సంతర్పణ అన్నమాట. దీన్ని ఓపెన్ అనడానికి నాకైతే మనసొప్పలేదు. వేరే అభిప్రాయం ఉన్న సభ్యులు నలుగురైదుగురు ఉన్నారు, అదీ నమోదు చేస్తున్నాను.

పీహెచ్‌డీ చేస్తున్న సభ్యుల టెన్షన్ వేరు. డేటా ముందే బయటపెడితే టాపిక్ ఎత్తుకుపోతారేమోనని. కోడ్ రాసేవాళ్లకు ఆ భయం తక్కువ, ఎవరు ఎప్పుడు ఏం రాశారో గిట్ దాచిన మార్పుల చరిత్రలో ఉంటుంది, తప్పు దిద్దినవాడి పేరూ ఉంటుంది. వ్యాసంలో తప్పు పట్టినవాడికి దక్కేది తరచూ విరోధమే. ఇది సమావేశాల్లో తేలేది కాదు.

వాన షీటును క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో (రాతలు, డేటా వాడుకోవడానికి ఇచ్చే అనుమతిపత్రం), దాన్ని లెక్కకట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామును జీపీఎల్‌తో (గ్నూ వాళ్ల సాఫ్ట్‌వేర్ లైసెన్సు) విడివిడిగా విడుదల చేశాం. ప్రోగ్రాములకు తమ లైసెన్సులు వాడొద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెబుతారు. అంతకుముందు ఆరు నెలలు ఏ లైసెన్సూ లేకుండానే పెట్టి ఓపెన్ అని చెప్పుకున్నాం. అనుమతి రాసి ఉండకపోతే వాడుకునే హక్కు ఎవరికీ ఉండదని ఎవరికీ తట్టలేదు.

చందాలు ప్రొజెక్టర్ అద్దెకు, కారం దోశలకు సరిపోయాయి. జమాఖర్చుల షీటును కూడా ఫార్ములాలతోనే పంపుతున్నాం, చూడండి. ఇంకా ఎక్కించాల్సిన డైరీలు నాలుగున్నాయి. అందులో ఒకటి తడిసి అంకెలు అలుక్కుపోయాయి, ఆ దస్తూరీ చదవగలిగినవాళ్లు వచ్చే రెండో ఆదివారం పది గంటలకల్లా రండి.

— కార్యదర్శి