నీ దుకాణానికి ఏ డెస్క్‌టాప్?

తిరుపతి

ప్రియ మిత్రమా,

చిత్తూరు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసిపోయింది కనుక, విండోస్ 11కు పనికిరాని నీ డీటీపీ దుకాణపు పాత కంప్యూటర్లలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలనుకోవడం మంచి ఆలోచనే. అయితే లినక్స్‌లో తెర మీద కిటికీలు, మెనూలు, సెట్టింగులు చూపే డెస్క్‌టాప్‌గా గ్నోమా, కేడీఈనా అన్న నీ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెబితే నీకు తృప్తి ఉండదు, నాకు అసలే ఉండదు. తీరిక చేసుకుని చదువు.

సెట్టింగులు తక్కువుండాలనే గ్నోమ్‌కూ, ఎక్కువున్నా ఫరవాలేదనే కేడీఈకీ మధ్య ఈ తగువు నిన్నటిది కాదు. కేడీఈ 1996లోను, గ్నోమ్ 1997లోను మొదలయ్యాయి. 2002లో గ్నోమ్ 2 వచ్చేటప్పటికి దాని రూపకర్తలు సెట్టింగులను కత్తిరించడం మొదలుపెట్టారు. వారిలో ఒకరైన హావొక్ పెన్నింగ్టన్ అప్పట్లో చేసిన వాదన నాకు నేటికీ బలంగానే కనిపిస్తుంది: ప్రతి ఆప్షన్‌కూ ఒక ఖరీదు ఉంటుంది. లెక్క వేసి చూడు. పెట్టడమో తీసేయడమో తప్ప మూడో దారి లేని ఆప్షన్లు పది ఉంటే వాటి కలయికలు 1,024; ఇరవై ఉంటే పది లక్షలు దాటిపోతాయి. అన్నింటినీ పరీక్షించే నాథుడెవరు? పైగా చాలా ఆప్షన్లు వాడేవారి అవసరం కోసం పుట్టినవి కావు. తయారుచేసేవారు తమలో తాము తేల్చుకోలేని తగువును మన నెత్తిన వేయడానికి పుట్టినవి.

ఈ ధోరణి నచ్చక లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో అందరూ కేడీఈ వాడండని బాహాటంగానే చెప్పాడు. ఆయన నోటి దురుసు అందరికీ తెలిసిందే కానీ, అసలు విషయం 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చాక బయటపడింది. కిటికీ మీది మినిమైజ్ బటన్ కూడా మామూలుగా కనిపించకుండా పోవడంతో, అలవాటు పడిన పాత పద్ధతే కావాలన్నవారు గ్నోమ్ 2ను ‘మాటే’ (MATE) అనే పేరుతో నిలబెట్టుకున్నారు. లినక్స్ మింట్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవారు సినమన్ అనే సొంత డెస్క్‌టాప్ కట్టుకున్నారు. గ్నోమ్‌లోనే ఉండిపోయినవారు ఎక్స్‌టెన్షన్లను, అంటే బయటివారు రాసిన చేర్పులను, ఆశ్రయించారు. అంటే తీసేసిన ఆప్షన్ మాయం కాలేదు, చోటు మారింది, అంతే. ఆ కొత్త చోటు పాతదానికన్నా బలహీనమైనది, ఎందుకంటే గ్నోమ్ ఆరు నెలలకోసారి కొత్త రూపు దిద్దుకుంటుంటే ఎక్స్‌టెన్షన్ రాసినవారు ప్రతిసారీ దాని వెంట పరుగెత్తాలి. 2023 సెప్టెంబరులో గ్నోమ్ 45 వచ్చినప్పుడైతే ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ సవరించుకోక తప్పలేదు. పరీక్షించే భారం తగ్గించుకున్న మాట నిజమే కానీ, అది చివరికి వాడేవారి మీదికే దిగింది.

అలాగని కేడీఈ దారి పూలబాట కాదు. నీ దగ్గర పనిచేసే పిల్లకాయలు ఆ సెట్టింగుల్లో దిగితే పూట గడిచిపోతుంది, ప్యానెల్ (మెనూ, తెరిచిన కిటికీలు కనిపించే పట్టీ) ఏ మూలకు పోయిందో నువ్వు వెతుక్కోవాలి. అయితే కేడీఈ వారి డెస్క్‌టాప్ అయిన ప్లాస్మా సెట్టింగులలో నేను మెచ్చుకునే బొత్తాం ఒకటి ఉంది. దాన్ని నొక్కితే అసలు అమరిక నుంచి మనం ఏవేవి మార్చామో అక్కడ గుర్తు పెట్టి చూపిస్తుంది. ఆప్షన్లను దాచకుండానే వాటి ఖరీదు తగ్గించడమంటే ఇదీ.

ఏ ఆప్షన్ ఉండాలి, ఏది పోవాలి అనడానికి నీ దుకాణమే మంచి పరీక్ష. చిత్తూరులో పెళ్ళి పత్రికంటే ఒక కిటికీలో తెలుగు, ఇంకోదానిలో తమిళం, పక్కన ఇంగ్లీషు బిల్లు. కీబోర్డు భాష కిటికీ కిటికీకీ వేరుగా గుర్తుండకపోతే పని సాగదు. ఒకే భాషలో రాసుకునేవారికి అదంతా అనవసరం. ఇద్దరి పనీ నిజంగానే వేరు కాబట్టి ఇక్కడ ఆప్షన్ ఉండి తీరాలి. అన్నీ తీసేస్తుందని పేరుపడ్డ గ్నోమ్ కూడా దీన్ని ఉంచింది: అన్ని కిటికీలకూ ఒకటే, లేదా కిటికీకి ఒకటి. కేడీఈలో ఇదే చోట నాలుగు పద్ధతులున్నాయి: మొత్తానికీ, డెస్క్‌టాప్‌కు, అప్లికేషన్‌కు, కిటికీకి. మధ్య రెండూ ఎవరి కోసమో నాకైతే అంతుపట్టలేదు.

కనుక నా మాట ఇది. దుకాణంలో ప్లాస్మా వేయి. ప్యానెల్, భాషలు, ప్రింటరు నువ్వే ఒకసారి అమర్చి, అన్ని కంప్యూటర్లలోనూ అదే అమరిక ఉంచు. మరీ నెమ్మదించే యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ చాలు. ఇంట్లో చెల్లెమ్మ వాడే దానిలో గ్నోమ్ ఉండనీ. బ్రౌజరు, ఫోటోలు తప్ప వేరే పని లేనివారికి అందులో తికమక పడడానికి ఏమీ లేదు. అను ఫాంట్లతో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్ళకు మాత్రం ఒక విండోస్ కంప్యూటరును నెట్ తీసేసి అట్టే పెట్టుకో. ఆ ఫైళ్ళు అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ లిపి సంకేతాల్లో లేవు కనుక ఏ డెస్క్‌టాప్ వేసినా ఆ చిక్కు తీరదు.

నీకు వీలున్నప్పుడు తిరుపతి రా. వచ్చేటప్పుడు తెలుగు, తమిళం కలిసిన పత్రిక ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రా, లినక్స్‌లో పేజీలు కూర్చే స్క్రైబస్ అనే ప్రోగ్రాములో కూర్చి చూద్దాం.

ఇట్లు,
నీ మిత్రుడు