తాడు కట్టగానే చతికిలబడే మీ జెట్ స్కీ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే. తిరుపతి నుంచి రాస్తున్నాను. సంక్రాంతికి ముందు మీ చెన్నై షోరూంలో రెండు సీట్ల జెట్ స్కీ, అంటే నీళ్ళ మీద స్కూటర్‌లా కూర్చుని నడిపే బండి, కొన్నాను. (జెట్ స్కీ అనేది కవాసాకి వాళ్ళ సొంత పేరని తర్వాత తెలిసింది, కానీ ఎవరి బండినైనా మనవాళ్ళు అలాగే పిలుస్తారు, నేనూ అదే రాస్తున్నాను, మీది ఆ కంపెనీది కాదు.) బిల్లు కాపీ, మీ సేల్స్ కుర్రాడితో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు, నీళ్ళ మీద తీసిన మూడు వీడియోలు ఈ లేఖతో పంపుతున్నాను. ఇంతకుముందు రెండుసార్లు ఫోన్ చేశాను, ఒకసారి మెయిల్ పెట్టాను. మెయిల్‌కి మీ నుంచి వచ్చిన జవాబు ఒకే ఒక్క వాక్యం. బండి చెప్పిన టాప్ స్పీడ్ అందుకుంటోంది కాబట్టి లోపమేమీ లేదట. అది చదివాక ఒళ్ళు మండి ఈ పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

టాప్ స్పీడ్ గురించి నేనెప్పుడు అడిగానండీ? షోరూంలో కాలు పెట్టిన దగ్గర్నుంచి ఒకటే మాట చెప్పాను. వెనక తాడు కట్టి మనుషుల్ని లాగాలి, వాటర్ స్కీ (కాళ్ళకి రెండు పొడుగు పలకలు తొడుక్కుని నీళ్ళ మీద జారడం), వేక్‌బోర్డు (ఒకటే వెడల్పు పలక మీద నిలబడి జారడం) నేర్పాలి, నేనూ మా బామ్మర్దీ కలిసి దీన్ని బతుకుతెరువుగా పెట్టుకుంటున్నాం, దానికి సరిపోయే బండి చూపించండి అని. వాట్సాప్‌లో కూడా అదే రాశాను, తేదీతో సహా ఉంది. మీ కుర్రాడు చెప్పింది ఇదీ: "అన్నా, వెనకాల హుక్ ఉంది కదా, హుక్ ఉంటే లాగుతుంది." ఆ లెక్కన మా ఇంటి దూలానికీ ఉయ్యాల కొక్కెం ఉంది.

నేను ఇరవై ఏళ్ళుగా తిరుమల ఘాట్ మీద టెంపో ట్రావెలర్ నడుపుతున్నాను. లాగడం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బండి నిండా జనం, టాప్ మీద సామాను, వంపు దగ్గర ముందు బస్సు ఆగింది, మళ్ళీ మొదటి గేర్‌లో కదలాలి. అప్పుడు ఆ బండి హైవే మీద నూట ఇరవై పోతుందా అన్నది ఎవడికి కావాలి? కింద నుంచి ఎత్తే బలం కావాలి. నీళ్ళలోనూ ఇదే లెక్క అని నాకు కొన్నాక తెలిసింది, అమ్మేవాళ్ళకి ముందే తెలిసి ఉండాలి కదా.

మొదటి రోజు ఏం జరిగిందో చెప్తాను, వీడియోలో మొదటిది అదే. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పోయి వాకాడు దగ్గర తూపిలిపాళెంలో తెల్లారేసరికి బండి దింపాం, గాలి లేవకముందు నీళ్ళు కాస్త నెమ్మదిగా ఉంటాయని. మా బామ్మర్ది డెబ్బై ఎనిమిది కిలోలు, ఈత బాగా వచ్చు, లైఫ్ జాకెట్ వేసుకుని స్కీలు తొడుక్కుని నీళ్ళలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. స్కీ నేర్చుకునేవాడు మొదలుపెట్టేది ఇలాగే, మెడ దాకా మునిగి ఉన్న మనిషిని నీళ్ళ మీదికి ఎత్తాలి. అన్నిటికంటే బరువు పడేది ఈ నాలుగైదు సెకన్లలోనే, ఒకసారి లేచి జారడం మొదలుపెడితే తర్వాత పెద్ద బరువు ఉండదు. యాక్సిలరేటర్ నొక్కాను. తాడు బిగిసింది, బండి ముక్కు ఆకాశం వైపు లేచింది, తోక నీళ్ళలో దిగబడింది, ఇంజను గోల పెడుతోంది, బండి మాత్రం నీళ్ళ మీదికి ఎక్కదు. బామ్మర్ది చేతులు నొప్పెట్టి తాడు వదిలేసే దాకా అలాగే ఈడ్చుకుపోయాను. ఆరుసార్లు ప్రయత్నించాం. ఒక్కసారి లేచాడు, అదీ నా వెనక సీట్లో కూర్చుని వాణ్ణి కనిపెట్టి చూస్తున్న మనిషిని దింపేసి నేనొక్కణ్ణే కూర్చున్నప్పుడు. ఉప్పునీళ్ళు తాగి తాగి వాడికి ఆ రోజు ఇడ్లీ కూడా సహించలేదు.

అసలు గొడవ ఇక్కడే ఉంది, మీ మెయిల్‌లో దీని ఊసే లేదు. లాగే బండిలో నడిపేవాడు ముందు చూడాలి. వెనక తాడు పట్టుకున్నవాణ్ణి చూస్తూ వాడి చేతి సైగలు చెప్పడానికి ఇంకొకడు వెనక్కి తిరిగి కూర్చోవాలి. పడిపోయినవాడు అలసిపోతే ఎక్కించుకోవడానికి మూడో సీటు ఖాళీగా ఉండాలి. ఒకటి, రెండు, మూడు. వేళ్ళ మీద లెక్క. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లాగడానికి మూడు సీట్ల బండే ఉండాలని రూలే పెట్టారు. నాకు మీరు అమ్మింది రెండు సీట్లది. మా బామ్మర్ది పడ్డప్పుడు ఒడ్డు నుంచి దూరంగా ఉన్నాం, వాణ్ణి ఎక్కించుకోవాలంటే చూసేవాణ్ణి నీళ్ళలో దించాలి! చివరికి తాడు పట్టుకుని బోర్లా పడుకోమని మెల్లగా లాక్కొచ్చాను. రేపు డబ్బు కట్టి వచ్చే పిల్లల్ని ఇలాగే లాక్కురమ్మంటారా?

బరువు సంగతి రెండో వీడియోలో చూడండి. వేక్‌బోర్డు మీద నిలబడ్డ మా మేనల్లుడు సన్నగా ఉంటాడు, వాణ్ణయితే లేపగలిగింది, ఒప్పుకుంటాను. కానీ వాడు పక్కకి ఒరిగి జోరుగా మళ్ళగానే బండి తోకని వాడే లాగేశాడు. నేను నడపడం కాదు, వాడు నడిపించాడు. మీ బండి మరీ తేలిక, ఒక్కడే సరదాగా తిరగడానికి అది బాగుంటుంది, పక్క నుంచి గుంజేవాణ్ణి తట్టుకోవడానికి కాదు. పైగా హుక్ నీళ్ళకి జానెడు ఎత్తులో ఉంది, తాడు జెట్ నుంచి చిమ్మే నీళ్ళలో నానుతూ ఉంటుంది, వదులైనప్పుడు కిందికి దిగి, నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్మి బండిని తోసే పంపులోకి పోతుందేమోనని నాకు టెన్షన్.

ఇక మీరు పదేపదే చెప్పే గంటకి ఎనభై కిలోమీటర్ల స్పీడు. వేక్‌బోర్డుకి కావాల్సింది 30 నుంచి 35. పెద్దవాళ్ళ వాటర్ స్కీ పోటీల్లో కూడా మగవాళ్ళకి 58 కిలోమీటర్లు దాటరు. పిల్లలకి 25 చాలు. ఆ స్పీడు హెచ్చుతగ్గులు లేకుండా నిలకడగా ఉండాలి, అంతే. మీ బండిలో దాన్ని పట్టి ఉంచే ఏర్పాటే లేదు, బొటనవేలితో నేను పట్టుకోవాలి, అల తగిలినప్పుడల్లా చెయ్యి కదిలి వెనకవాడికి కుదుపు.

ఫోన్ చేసినప్పుడు మీ మేనేజర్ ఇచ్చిన పరిష్కారం ఇంకా గొప్పది. ఇంకో తొమ్మిది లక్షలు కడితే 300 హార్స్‌పవర్ సూపర్‌చార్జర్ (ఇంజనులోకి గాలిని ఎక్కువగా నెట్టి బలం పెంచేది) బండి ఇస్తారట. ఆశ్చర్యంగా ఉంది. నాది తక్కువ బలమని గోల పెడితే ఎక్కువ ఖరీదుది అంటగడతారా? అలాంటిది వేలు ఆనిస్తే ఎగిరి దూకుతుంది, వెనక నేర్చుకునేవాడి భుజాలు ఊడతాయి, దానికి మామూలు పెట్రోలు కూడా సరిపోదు. నాకది వద్దు. సూపర్‌చార్జర్ లేకుండానే మూడు సీట్లతో, బరువైన హల్‌తో (నీళ్ళలో ఉండే అడుగు భాగం), ఈ పనికే తయారైన బండ్లు ఉన్నాయి. ఉదాహరణకి సీ-డూ వేక్ 170 ఉంది, 170 హార్స్‌పవర్, తాడు కట్టడానికి పైకి లాగే స్తంభం, దాన్ని పట్టుకుని వెనక్కి చూస్తూ కూర్చోవడానికి పిడులు, ఎంత మెల్లగా లేపాలి ఎంత స్పీడులో పోవాలి అని ముందే పెట్టుకునే స్కీ మోడ్, బోర్డు పెట్టడానికి ర్యాక్. యమహా ఎఫ్ఎక్స్ క్రూయిజర్ హెచ్‌ఓ కూడా మూడు సీట్లదే. ఈ రెండు పేర్లూ మీ షోరూంలో ఎవరి నోటి నుంచీ వినలేదు. నేనే రాత్రిళ్ళు కూర్చుని చదువుకున్నాను.

ఒక తప్పు నాది కూడా ఉంది, దాచను. మూడో రోజు ఒడ్డు దగ్గర మోకాలి లోతులో ఇంజను ఆన్ చేశాను, ఇసుక పంపులోకి పోయింది, ఇంపెల్లర్ (పంపులో తిరిగి నీళ్ళు తోసే ఫ్యాను) చుట్టూ ఉండే రింగు గీసుకుపోయింది. దాని ఖర్చు నేను పెట్టుకుంటాను. కానీ మీ మెకానిక్ వచ్చి అది చూసి, బండి లాగకపోవడానికి ఇసుకే కారణమని రాసుకుపోయాడు. బండి లాగలేకపోయింది మొదటి రోజు, ఇసుక పోయింది మూడో రోజు. వీడియోల మీద తేదీలు ఉన్నాయి.

నాకు కావాల్సింది ఇదీ. ఈ బండిని వెనక్కి తీసుకోండి, రింగు ఖర్చు తగ్గించుకోండి, నేను కట్టిన 12.5 లక్షల్లో మిగతాది తిరిగి ఇవ్వండి, లేదంటే లాగడానికి తగిన మూడు సీట్ల బండి ఇవ్వండి, న్యాయమైన తేడా ఉంటే కడతాను. ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు చెప్పండి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కి పోతాను. షోరూం చెన్నైలో ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్ళోనే, అంటే తిరుపతిలోనే కేసు వేయొచ్చు. వ్యాపారానికి కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కాదు అని మీ మేనేజర్ ఫోన్లో అన్నాడు. సొంతంగా కష్టపడి బతకడానికి కొనుక్కున్నవాణ్ణి ఆ చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది, ఒకసారి మీ లాయరుని అడగండి.

బండి కవరు కప్పి మా బామ్మర్ది వాళ్ళ షెడ్డులో పెట్టాం, మంచినీళ్ళతో కడిగే పెట్టాం. చూడటానికి మనిషిని పంపితే శని, ఆదివారాలు మాత్రం వద్దు, ఆ రెండు రోజులూ నేను కొండ ట్రిప్పుల్లో ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్, తిరుపతి