ఆక్సైడ్ పొరల్లోని అయస్కాంతత్వం: పరికరాలకు ముందు మూలం తేలాలి

గౌరవనీయులైన శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోబాల్ట్, మాంగనీస్ వంటి లోహాలను కొద్ది శాతం కలిపిన జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ పలుచని పొరలు గది ఉష్ణోగ్రత వద్దే ఫెర్రో అయస్కాంతాలుగా (ఇనుములా తమంతట తామే అయస్కాంతత్వం నిలుపుకునేవిగా) ప్రవర్తిస్తాయన్న నమ్మకంతో, ఎలక్ట్రాన్ స్పిన్‌ను, అంటే దాని సూక్ష్మ అయస్కాంత గుణాన్ని, వాడుకునే స్పింట్రానిక్ పరికరాలకు నిధులు కోరడం పరిపాటి. ఆ అయస్కాంతత్వం ఎక్కడి నుంచి వస్తున్నదో తేలకముందే పరికరాలకు డబ్బు కేటాయించడం తొందరపాటని, ఈ పొరల మీద పనిచేసే పరిశోధకుడిగా మనవి చేస్తున్నాను.

ఈ ఆశ 2000లో మొదలైంది. 5 శాతం మాంగనీస్‌తో పాటు విద్యుత్తును మోసే ధనావేశ వాహకాలు సమృద్ధిగా ఉన్న జింక్ ఆక్సైడ్, గది ఉష్ణోగ్రతను దాటి కూడా అయస్కాంతంగా నిలవగలదని భౌతిక శాస్త్రవేత్త డీట్ల్ బృందం లెక్కగట్టింది. మరుసటి ఏడాదే జపాన్ పరిశోధకులు కోబాల్ట్ కలిపిన టైటానియం డయాక్సైడ్‌లో ఆ గుణం కనిపించిందని ప్రకటించారు. ఆ తర్వాత వచ్చిన పొరల్లో అధిక భాగం ఎలక్ట్రాన్లు వాహకాలుగా ఉన్నవే. లెక్క కోరినది ఒకటి, ప్రయోగశాలలో తయారైనది మరొకటి అన్న సంగతిని ఉత్సాహంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

సిద్ధాంతపరంగానూ చిక్కుంది. పక్కపక్కన ఉన్న కోబాల్ట్ అయాన్ల స్పిన్‌లు ఆక్సిజన్ మీదుగా సాధారణంగా ఎదురెదురు దిశల్లోకి తిరుగుతాయి. పైగా 5 శాతం సాంద్రత వద్ద అవి పొర పొడవునా ఒకదానికొకటి అందేంత దగ్గరగా ఉండవు. అందుకే 2005లో భౌతిక శాస్త్రవేత్త కోయ్ బృందం, ఆక్సిజన్ ఖాళీల (ఆక్సిజన్ పరమాణువు ఉండవలసిన చోట లేని స్థానాల) వద్ద చిక్కిన ఎలక్ట్రాన్లు విశాలమైన కక్ష్యల్లో విస్తరించి దూరపు అయాన్లను కలుపుతాయని ప్రతిపాదించింది. అయితే ఎక్స్‌రే కాంతితో ఒక్కో మూలకాన్ని విడిగా పరీక్షించినప్పుడు, మొత్తం పొర అయస్కాంతంగా కనిపించిన నమూనాల్లో సైతం కోబాల్ట్ అయాన్లు కేవలం పారా అయస్కాంతంగానే (బయటి అయస్కాంత క్షేత్రం ఉన్నంతసేపే స్పందించేలా) ఉన్న సందర్భాలున్నాయి. అప్పుడు అయస్కాంతత్వం ఆక్సిజన్ ఖాళీల వంటి లోపాలదైనా కావాలి, ఎక్స్‌రే వివర్తనానికి (స్ఫటిక నిర్మాణాన్ని చూపే పరీక్షకు) చిక్కని నానో కోబాల్ట్ గుళికలదైనా కావాలి, బయటి మాలిన్యానిదైనా కావాలి.

ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోరాదు. 5 మిల్లీమీటర్ల భుజం, 100 నానోమీటర్ల మందం గల పొరలో 5 శాతం కోబాల్ట్ ఉండి, ప్రతి పరమాణువూ ఒక బోర్ మాగ్నెటాన్ (పరమాణువుల అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం) చొప్పున అందించినా, వచ్చే సంకేతం మొత్తం సుమారు 0.2 మైక్రోగ్రాముల ఇనుము ఇచ్చే సంకేతంతో సమానం. 2004లో హాఫ్నియం ఆక్సైడ్‌లో అయస్కాంతత్వం ఉందన్న వార్త సంచలనం రేపింది. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టకారుతో పట్టుకున్నా అలాంటి సంకేతమే వస్తుందని మరుసటి ఏడాది మరో బృందం చూపింది.

కనుక నిధుల నిబంధనల్లో కొన్ని మార్పులు కోరుతున్నాను. పొర లేని ఆధార ఫలకాన్ని కూడా అదే వేడి, అదే వాయువు, అదే పట్టకారుతో నడిపించి కొలిచిన ఫలితం ప్రతి దరఖాస్తుతో జతపరచాలి. అదే నమూనాను సంబంధం లేని మరో ప్రయోగశాల కొలవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, పైన చెప్పిన మూలకాల వారీ ఎక్స్‌రే పరీక్షకు కావలసిన కాంతినిచ్చే భారీ యంత్రమైన సింక్రోట్రాన్ మీద సమయం: చిన్న విశ్వవిద్యాలయాల బృందాలకు అది అందక, మొత్తం అయస్కాంతత్వాన్ని మాత్రమే కొలిచే మాగ్నెటోమీటర్ వక్రరేఖ ఒక్కటే ఆధారంగా పత్రాలు రాసుకుంటున్నారు, పరికరాల పద్దులోంచి కొంత తీసి ఆ ఖర్చుకు మళ్లించవచ్చు. అయస్కాంతత్వం కనిపించలేదని నిజాయితీగా నివేదించిన బృందానికి తదుపరి విడత నిలిపివేయకూడదు.

ఈ రంగాన్ని మూసివేయమని నేను అడగడం లేదు. ఆక్సిజన్ ఖాళీలే అయస్కాంతత్వానికి కారణమని రుజువైతే అది కోబాల్ట్ కథ కన్నా ఆసక్తికరమైన భౌతికశాస్త్రం. దానికి కావలసిన పరిశోధన వేరు, ఇప్పుడు అడుగుతున్న పరికరాలు వేరు. వచ్చే దరఖాస్తుల ప్రకటన వెలువడేలోగా ఈ నిబంధనలను నిపుణుల సంఘం ముందుంచవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
పలుచని పొరల పరిశోధకుడు