ఎంబీఏలో ఈ పనికి ఒక పూర్తి పేపర్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

కంపెనీలో ఈఆర్‌పీ (కొనుగోళ్లు, సరుకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే వ్యవస్థ) లాంటి కొత్త సాఫ్ట్‌వేర్ దిగినప్పుడు సిబ్బందిని దానికి అలవాటు చేయడం పెద్ద పని. మన ఎంబీఏ సిలబస్‌లలో చాలాచోట్ల అది ఆర్గనైజేషనల్ బిహేవియర్ పేపర్లో ఒక యూనిట్‌గానే మిగిలింది. సంస్థల్లో మార్పు తేవడంపై లెవిన్ చెప్పిన మూడు దశలు, కాటర్ చెప్పిన ఎనిమిది మెట్లు బట్టీ పట్టి రాస్తే మార్కులు పడిపోతాయి. అమీర్‌పేటలో శాప్ అనే ఈఆర్‌పీలోని ఎఫ్ఐకో (ఖాతాలు), ఎంఎం (సరుకు) విభాగాలు నేర్పే సెంటర్లకు కొదవ లేదు. ఆ స్క్రీన్ ముందు కూర్చోబోయే స్టోర్స్ గుమస్తా సంగతే ఎవరికీ పట్టదు.

ప్రాజెక్టు బెడిసేది అక్కడే. సరుకు గేటు దాటిన రోజే సిస్టంలో రసీదు ఎంట్రీ పడాలి. ఆర్డరు, రసీదు, బిల్లు మూడూ సరిపోలితేనే చెల్లింపు. గుమస్తా పాత రిజిస్టర్లోనే రాసుకుని నెలాఖరున అన్నీ ఒకేసారి ఎక్కిస్తే సరఫరాదారుల బిల్లులు ఆగిపోతాయి. గోదాంలో ఉన్న సరుకు సిస్టంలో కనిపించక కొనుగోలు విభాగం మళ్లీ ఆర్డరు పెడుతుంది. దీన్ని మొండితనం అనుకుంటే పొరపాటు. మూడు నెలల ముందే శిక్షణ ఇచ్చేస్తే అందులో సగం మరచిపోతారు. రిజిస్టర్ ఏ తేదీన మూసేయాలో ఎవరూ చెప్పరు. పైగా సంతకం పెట్టే అధికారం సిస్టంలోకి వెళ్లిపోయిన సూపర్‌వైజర్ పాత కాగితాన్నే అడుగుతుంటాడు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆరోగ్య శాఖ 2010 మార్చిలో కొత్త జీతాల వ్యవస్థను మొదలుపెట్టింది. వేలాది మందికి జీతం తప్పుగా పడింది, కొందరికి అసలే పడలేదు. 2013లో విచారణ కమిషన్ నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్, కాంట్రాక్టు లోపాలు ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు జీతాల పనిని స్థానిక కార్యాలయాల నుంచి కేంద్రీకృత పద్ధతికి మార్చారు. దాంతో నర్సుల డ్యూటీ చార్టు తెలిసిన మనిషికీ, జీతం లెక్క కట్టే మనిషికీ మధ్య ఉన్న లంకె తెగింది. పీజీలో పాఠంగా చెప్పాల్సింది ఇదే.

పేపర్లో మొదట నేర్పాల్సింది ప్రభావ పట్టిక. ఒక్కో ఉద్యోగానికి పాత పద్ధతి, కొత్త పద్ధతి, పెరిగే పని, పోయే అధికారం రాయాలి. ఈ చివరి గడిని చాలా కంపెనీలు ఖాళీగా వదిలేస్తాయి, గొడవంతా అక్కడే పుడుతుంది. శిక్షణ గో-లైవ్‌కు, అంటే కొత్త సిస్టం అసలు పనిలోకి దిగే రోజుకు, ముందు రెండు మూడు వారాల్లోపు ఉండాలి. అదీ డెమో డేటాతో కాకుండా ఆ కంపెనీ సొంత సరుకుల పేర్లు, సరఫరాదారుల పేర్లతో జరగాలి. సుమారు 20 మందికి ఒక సూపర్ యూజర్, అంటే సిస్టం బాగా నేర్చుకుని తోటివారికి సాయపడే ఉద్యోగి, అవసరం. ఖాళీగా ఉన్నవాణ్ణి పంపితే లాభం లేదు. సందేహం వస్తే తోటివారు ఎవరి దగ్గరికి వెళతారో ఆ మనిషిని ఎంచి, రోజువారీ పనిలో కొంత తగ్గించాలి. గో-లైవ్‌కు ముందు సరుకును భౌతికంగా లెక్కపెట్టాలి. పెండింగ్ ఆర్డర్లు, బకాయిలు సరిచూడాలి. ఏడాది లెక్కలు ముగించే మార్చి నెలాఖరులో గో-లైవ్ పెట్టుకోకూడదు.

ఫలితాన్ని కొలవడమూ నేర్పాలి. లాగిన్ల సంఖ్య చూసి మురిసిపోవడం మేనేజర్లకు అలవాటు. కానీ లాగిన్ అయి ఎక్సెల్‌లో పనిచేసేవారూ ఉంటారు. అదే రోజు పడిన రసీదులు ఎన్ని, బిల్లు వచ్చిన తర్వాత తయారైన ఆర్డర్లు ఎన్ని అని చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు పేరిట ఉద్యోగుల సంతృప్తిపై ప్రశ్నావళి పంచి, శాతాలు కట్టి బైండు చేయడం ఇక మానిపించాలి. కాలేజీకి దగ్గర్లోని డెయిరీయో, ఆసుపత్రో, రైస్ మిల్లో ఎప్పుడో ఒకప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మారుస్తుంది. ఇద్దరు ముగ్గురు విద్యార్థులను అక్కడికి పంపి, గో-లైవ్ తర్వాత కనీసం నాలుగు వారాలు ఉంచాలి. ఆ నాలుగు వారాల్లో పాత రిజిస్టర్ నిజంగా మూతపడిందా లేదా అన్నదాన్ని బట్టే మార్కులు వేయాలని విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు మా విజ్ఞప్తి.

– ఈఆర్‌పీ ప్రాజెక్టుల్లో పనిచేస్తున్న పాఠకులు, హైదరాబాద్